పులి ఇంటికి ఒకే తలుపు

మా బావ కట్టిన జూలో ఒక్క జంతువు కూడా లేదు. అరవై రెండు డ్రాయింగు షీట్లున్నాయి. వాటిలో ఏనుగుకి, ఎలుగుకి, నీటిగుర్రానికి, చివరికి ముంగిసకి కూడా అంగుళాల కొలతలతో సహా ఇళ్లున్నాయి. ఇన్ని ఇళ్లు గీసిన మనిషి జీవితమంతా అద్దె ఇంట్లోనే ఉన్నాడని నేను ఎత్తిపొడిస్తే, "నీకూ ఒక బోను గీస్తాలే మరదలు పిల్లా. నోటికి మాత్రం వేరే తాళం పెట్టాలి," అనేవాడు.

ఇద్దరిదీ ఒకే ఆఫీసు. సర్కారు భవనాలకి నక్షాలు గీసే చోటు. ఆయన డ్రాఫ్ట్స్‌మన్, నేను టైపిస్టుని. ముప్ఫై ఏళ్లు ఆయన అక్కడ మెట్లు, మరుగుదొడ్లు, నీళ్ల ట్యాంకులు గీశాడు. జూ మాత్రం ఇంటి పని. మా అక్క కూతురు, మేమంతా పిచ్చుక అని పిలిచే పిల్ల, ఆరేళ్లప్పుడు కాలు విరగ్గొట్టుకుని రెండు నెలలు మంచాన పడింది. జూకి తీసుకెళ్లమని ఒకటే గోల. బావ డ్రాయింగ్ బల్ల తెచ్చి మంచం పక్కన వేశాడు.

"జూనే ఇక్కడికి తెస్తాను. పెద్దసారువి నువ్వు. నువ్వు చెప్పు, నేను గీస్తాను," అన్నాడు.

ఆయనతో చిక్కేమిటంటే ఉత్తుత్తి గీత గీయడం చేతకాదు. పిల్ల ఏనుగు అందంటే చాలు, తొండం ఎంతదూరం అందుతుంది, తలుపు ఎటు తెరుచుకోవాలి, ఊడ్చే మనిషి ఎక్కడ నిలబడాలి, అన్నీ లైబ్రరీలో చదువుకొచ్చి మరీ పెన్సిలు పట్టేవాడు. మా అక్క కూర చల్లారిపోతోందని అరిచి అరిచి ఊరుకునేది.

పులి వంతు వచ్చింది. దానికి బయట ఆవరణ, లోపల తిండిగది, రెంటికీ మధ్య పైనుంచి దించే జారుడు తలుపు. పులి ఆవరణలో ఉండగా ఆ తలుపు దించేసి, కీపరు ఇంకో వైపునుంచి తిండిగదిలోకి వెళ్లి మాంసం పెట్టి వస్తాడు. కీపరు వచ్చే వైపు బావ రెండు తలుపులు గీశాడు, మధ్యలో ఒక మనిషి పట్టేంత అర. మొదటిది మూశాకే రెండోది తీయాలి. జారుడు తలుపు దించడం మరిచిపోయినా మనిషికి ఒక అడ్డు మిగులుతుంది.

పిచ్చుకకి నచ్చలేదు. "రెండు తలుపులెందుకు నాన్నా? అవి తీసేసరికి పులికి ఆకలేస్తుంది!"

బావ నవ్వాడు. పెద్దసారు మాట కాదంటే ఉద్యోగం ఊడుతుందంటూ లోపలి తలుపు చెరిపేశాడు. తర్వాత పులిని తొంగి చూడటానికి తనకి అందేలా కిటికీ కావాలంది. అక్క పిల్లని ఒంటికాలి మీద లేపి పట్టుకుంటే బావ టేపు పెట్టి కొలిచాడు. కళ్ల దగ్గరికి మూడుంపావు అడుగులు. కీపరు తలుపు పక్కన అంత ఎత్తులోనే కిటికీ పెట్టాడు. అప్పటికైనా ఊరుకున్నాడా? కింద పేరు, స్కేలు, నంబరు, సంతకం. ఆఫీసులో అరిగిపోయిందని పారేసిన "ఆమోదించడమైనది" ముద్ర ఒకటి ఇంటికి తెచ్చుకున్నాడు, అదీ కొట్టాడు.

"ఆడుకునే కాగితానికి ముద్రలేంటండీ?" అంది అక్క.

"ముద్ర లేకపోతే అది నక్షా ఎలా అవుతుందే?" అన్నాడాయన.

మా ఆఫీసు ఆనవాయితీ ఒకటి చెప్పాలి. ముద్ర పడిన షీటుని మళ్లీ ఎవరూ సరిచూడరు. దాని మీద ఈగ వాలిన మచ్చ ఉంటే దాన్ని కూడా నకలు దించుతారు.

ఇరవై ఏళ్లు గడిచాయి. బావ రిటైరయ్యాడు. పిచ్చుక నిజంగానే కీపరు అయింది, వేరే ఊరి జూలో. పోయిన ఏడాది మా ఊరికి జూ మంజూరైంది, నక్షాలు మా ఆఫీసుకే అప్పగించారు. చిలక పంజరం కూడా గీసినవాడు లేడు అక్కడ. పెద్ద ఇంజనీరు తల పట్టుకుని కూర్చున్నాడు. నా నోటిదూల ఊరుకోదు కదా, "మా బావ దగ్గరున్నాయి సార్," అన్నాను.

బావని అడగలేదు. ప్రారంభం రోజున చూసి నోరెళ్లబెట్టాలని నా ఉబలాటం. మరుగుదొడ్లు గీసి గీసి ముసలివాడైన మనిషికి ఒక్కసారైనా పేరు రావాలని. అటక మీది షీట్ల చుట్ట దించి చంకలో పెట్టుకుపోయాను. పెద్ద ఇంజనీరు తిరగేసి, "ఇవన్నీ సరిచూసినవేనా అమ్మా?" అన్నాడు.

"ఆయన గీశాక ఇంక చూసుకోనక్కర్లేదు సార్," అన్నాను. ఆ మాట తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఇంటి దగ్గర ఉండొచ్చని పిచ్చుక కొత్త జూకి మారింది. మొన్న సోమవారం మొదటి రోజు పని చూసుకుని గెంతుకుంటూ వచ్చింది.

"నాన్నా, నాకు చెప్పనేలేదే! పులి ఇంటికి నా కిటికీ పెట్టారు! ఇంత కింద కిటికీ ఎవరికని సున్నం వేసేవాళ్లంతా ఒకటే నవ్వు. మోకాళ్ల మీద కూర్చుంటే గానీ లోపల కనిపించట్లేదు."

బావ నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

"తలుపులెన్ని?" అన్నాడు.

"ఒకటే. పెద్దసారు చెప్పారుగా!" అని పకపకా నవ్వింది. ఎవరూ నవ్వకపోయేసరికి తనూ ఆపేసింది.

"పులి వచ్చిందా?"

"పొద్దున్నే దింపారు. జారుడు తలుపే కాస్త పేచీ పెడుతోంది నాన్నా. ఒక్కోసారి నేలకి జానెడు పైనే ఆగిపోతోంది."

మర్నాడు బావా నేనూ ఆఫీసుకి పరుగెత్తాం. పెద్ద ఇంజనీరు షీటు పరిచాడు. "సంతకం మీదే కదండీ?"

"నాదే. కానీ అది మా పిల్లకి ఆడుకోడానికి గీసిందండీ."

"ఆటకి ముద్ర ఎందుకు కొట్టారండీ?"

బావ జేబులోంచి పెన్ను తీశాడు. అంతా కాగితం మీద రాసిచ్చాడు. తీసుకున్నారు. ప్రారంభానికి ఇంకా పన్నెండు రోజులే, ఇప్పుడు గోడలు పగలగొట్టలేం, అది కాగానే రెండో తలుపు పెట్టిస్తాం అన్నారు. బావ చేతులు పట్టుకుని బతిమాలాడు. నేను తిట్టాను. ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదు.

ఇంటికొచ్చాక అక్క పిచ్చుక ముందు కూర్చుంది. "సెలవు పెట్టవే."

"నేను పెడితే ఇంకొకాయన వెళ్తాడమ్మా. ఆయన తాటిచెట్టంత మనిషి. వంగి కిటికీలోంచి చూడడు," అంది పిచ్చుక.

ఈ రోజు పొద్దున బావ వంటింటి తలుపు దగ్గరగా వేసి, సందు మాత్రం వదిలి, టేపు పెట్టి కొలిచి మూడుంపావు అడుగుల దగ్గర పెన్సిలు గీత గీశాడు. "వంగు," అన్నాడు.

అది మోకాళ్ల మీద కూర్చుని సందులోంచి చూసింది.

"ఏం కనిపిస్తోంది?"

"అమ్మ గిన్నెలు తోముతోంది."

"జారుడు తలుపు పూర్తిగా దిగిందని కళ్లతో చూసేదాకా గడియ ముట్టుకోకు. మళ్లీ లే. మళ్లీ వంగు."

పదిసార్లు వంగించాడు. పదోసారి దాని ముఖం గీత దగ్గర, మంచం పక్కన ఒంటికాలి మీద నిలబడ్డ ఆరేళ్ల పిల్ల ఉన్నంత ఎత్తులో ఉంది. బావ ఇంక ఆపుకోలేక భోరుమన్నాడు. ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదలు. ఎటు చూడాలో తెలియక నేను టేపు చుట్టడం మొదలుపెట్టాను.

పిచ్చుక బూట్లు కట్టుకుంది, తాళాలు తీసుకుంది. బావ వీధి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"జరుగు నాన్నా," అంది మెల్లగా. "పులికి ఆకలేస్తుంది."

ఆయన పక్కకి తప్పుకున్నాడు. ఇంకా పదకొండు రోజులున్నాయి.