సంచెడు బూడిద

నా చిన్నప్పుడు మా మామయ్యను మించిన తెలివైనవాడు అమీర్‌పేటలో లేడని నమ్మేదాన్ని. నేనెంత వెర్రిదాన్నో చెప్పడానికి ఈ ఒక్క మాట చాలు.

మామయ్య మా తాతయ్యకు చిన్నకొడుకు. రెండేళ్లు మోటారు పని చదివి వచ్చాడు. చదువు ఎంత వంటబట్టిందో గానీ, ఎదుటివాళ్లను చూసి మూతి విరవడం మాత్రం బాగా నేర్చుకున్నాడు. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులుండేవి. వాటితో ఏదైనా రాయగా నేను చూడలేదు.

తాతయ్యకు అప్పటికే పాతబడ్డ పెట్రోలు లారీ ఒకటి ఉండేది. పంజాగుట్టలో కొత్తగా లేస్తున్న ఇళ్లకు ఇసుక, ఇటుక తోలేవాడు. ఇంటిల్లిపాదికీ అదే బతుకుదెరువు. బరువుతో ఎత్తు ఎక్కాలంటే అది రొప్పేది. ఇంజనులోని ఆరు సిలిండర్ల పొగా మానిఫోల్డు అనే పోత ఇనుప ముక్కలో కలిసి ఒకే గొట్టంలోంచి బయటికి పోయేది. దాన్ని మధ్యలో మూసి, ఇంకో దారి తెరిచి, రెండు గొట్టాలు పెడితే బండి బాగా లాగుతుందని మామయ్య అన్నాడు. ఆలోచన మంచిదే, కాదనను.

మానిఫోల్డు విప్పి, తాతయ్య, మామయ్య, నేను ముగ్గురం రిక్షాలో సనత్‌నగర్ పోయాం. అక్కడ రేకుల షెడ్డులో ఒక ముసలి వెల్డర్ ఉండేవాడు. చేతుల నిండా కాలిన మచ్చలు. ఆయన ఇనుమును అటూ ఇటూ తిప్పి చూసి, "చేస్త గని, ఒక సంచెడు బూడిద తెండి" అన్నాడు.

"బూడిద ఎందుకు? గిన్నెలు తోముతవా?" అన్నాడు మామయ్య.

నేను పకపకా నవ్వాను. మామయ్య నా వైపు చూసి కన్ను గీటాడు. ఆ క్షణంలో నాకు కలిగిన గర్వం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

వెల్డర్ మమ్మల్నిద్దరినీ పట్టించుకోలేదు. "పోత ఇనుము మెల్లగ చల్లారాలె. బూడిదల కప్పిపెడితే రేపటికైతది," అని తాతయ్యతో చెప్పాడు. రేపటిదాకా ఆగడం మామయ్యకు నామోషీ. బూడిదా గీడిదా ఏమీ వద్దని, ముందు పని కానిమ్మని తొందరపెట్టాడు. ముక్కను బొగ్గుల్లో ఎర్రగా కాల్చి, వెల్డర్ అతుకు పూర్తి చేశాడో లేదో, మామయ్య పట్టకారుతో దాన్ని ఎత్తి నీళ్ల డ్రమ్ములో ముంచాడు. వెల్డర్ "వద్దు, వద్దు" అంటూనే ఉన్నాడు.

టంగుమని శబ్దం వచ్చింది. బయటికి తీస్తే ఈ చివర నుంచి ఆ చివర దాకా పగులు. అలాంటి ముక్క ఇంకొకటి ఊరంతా వెతికినా దొరకదని తాతయ్యకు తెలుసు. ఆయన ముఖం చూసి నాకు ఏడుపొచ్చింది. మామయ్య మాత్రం "ఇనుమే మంచిది కాదు," అని చెప్పి ఇంటికి పోయాడు.

తాతయ్య ఎవరినీ తిట్టలేదు. మర్నాడు పొద్దున్నే నా చేతికి గోనెసంచి ఇచ్చాడు.

"గల్లీల ఇల్లిల్లు తిరిగి బూడిద అడుక్కరా బిడ్డా. ఎందుకని అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పు. నువ్వు నవ్వింది సుత చెప్పు."

అప్పట్లో అందరివీ కట్టెల పొయ్యిలే. ప్రతి గడప దగ్గరా ఆడవాళ్లు అడిగారు, నేను చెప్పాను. పక్కింటి అక్క అంతా విని, గిన్నెల కోసం జల్లెడ పట్టి పెట్టుకున్న బూడిదంతా సంచిలో పోసి, "నవ్వినోళ్లిద్దరైతే సంచి నువ్వొక్కదానివే మోస్తున్నవేంది?" అంది. ఆ సంచి ఎత్తుకుని తాతయ్యతో మళ్లీ సనత్‌నగర్ పోయాను.

వెల్డర్ పగులు వెంట గాడి తీసి, మళ్లీ కాల్చి అతికి, బూడిదలో పాతిపెట్టాడు. మరుసటి రోజు మేము పోయేసరికి, నన్ను పిలిచి బూడిదలో చెయ్యి పెట్టమన్నాడు. లోపల ఇంకా గోరువెచ్చగా ఉంది. నా చేతులతోనే దాన్ని పైకి తీశాను. ఎక్కడా వెంట్రుకంత గీత కూడా లేదు. తాతయ్య ఆయనకు రెండు చేతులూ జోడించాడు. తాతయ్య ఒకరికి అలా మొక్కడం నేను మొదటిసారి చూశాను.

ఆ వారం లారీ నిండా ఇటుకలతో రొప్పకుండా పంజాగుట్ట ఎత్తెక్కింది. మామయ్య పక్క సీట్లో కూర్చుని, దారిలో కనబడ్డవాళ్లందరికీ అది తన పనేనని చెప్పాడు.

ఇప్పుడాయనకు ఎనభై దాటాయి. మొన్న ఒక పెళ్లిలో మనవళ్లకు ఇదే కథ చెబుతున్నాడు. అందులో వెల్డరూ లేడు, బూడిదా లేదు, పగులూ లేదు. ఆయనంటే నాకున్న చులకన పోలేదు, పోవాలని కూడా లేదు. కానీ ఆయన మాటకు ముందుగా నవ్విందాన్ని నేనే గదా. అందుకే చేతిపని చేసే మనిషి నాకు అర్థం కానిది ఏదైనా అంటే, చుట్టూ ఎంత చదువుకున్నవాళ్లు నవ్వినా నేను నవ్వను. "ఎందుకట్ల?" అని అడిగి, ఆ మనిషి చెప్పేదంతా అయ్యేదాకా అక్కడే నిలబడతాను.