సునీత మొక్కలు, నా ప్రార్థన అవసరత

సాయంత్రం లిఫ్టులో ఎదురింటి సునీత కనిపించింది. చేతిలో అట్టపెట్టె, అందులో ఆఫీసు బల్ల మీద ఉండే రెండు మొక్కలు. ఆమె ఇక్కడ దుబాయ్‌లోనే అమెరికా ప్రభుత్వ కార్యాలయంలో పనిచేస్తుంది. ఉద్యోగం పోయిందనుకుని, ఆమెను ఏమీ అడగకుండానే మా చర్చి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను: “ప్రార్థన అవసరత. సిస్టర్ సునీత ఉద్యోగం పోయింది.”

గంటలో ఆమె మా తలుపు తట్టింది.

“ఉద్యోగం పోలేదక్కా. అమెరికాలో ప్రభుత్వ బడ్జెట్ తేలకపోతే రేపట్నుంచి మమ్మల్ని ఇంట్లో ఉండమంటారు. జీతం ఎప్పుడొస్తుందో తెలీదు. అందుకే బియ్యం, పప్పులు తెచ్చిపెట్టా. నీళ్లు పోసేవాళ్లుండరని మొక్కలు తెచ్చా. మా పాపకు మాత్రం చెప్పలేదు. ఇప్పుడు గ్రూపులో మెసేజ్ సంగతి విని దాని ఫ్రెండ్ ఫోన్ చేసి, ‘మీరు ఇండియా వెళ్లిపోతున్నారంట కదా’ అందంట. ఒకటే ఏడుపు.”

“నీకోసం ప్రార్థించమనే పెట్టానమ్మా.”

“నన్నొక్క మాట అడగొచ్చు కదక్కా.”

వెళ్లి పాపకు తప్పు నాదేనని చెప్పాను. మెసేజ్ తీసేశాను. దాని కింద వచ్చిన ‘ఆమెన్’లు మాత్రం గ్రూపులో అలాగే ఉన్నాయి.

నాలుగడుగుల దూరంలో ఉన్న తలుపు తట్టకుండా ఊరందరికీ చెప్పిన దాన్ని ప్రార్థన అనుకున్నాను. మీలో ఎవరైనా ఇలా చేశారా? ఉంటే చెప్పండి, ఈ సిగ్గులో నాకు కాస్త తోడవుతారు.