సంచి లేకుండా దిగిన కాయలు

మా ఆఫీసులో చెప్పుకునే కథ వేరు. ఆ రోజు సర్వరు మొరాయించిందట, ఫైళ్లను మింగేసిందట, నేను అరిస్తే దారికొచ్చిందట. అరిచిన మాట నిజం. మిగతావన్నీ కోతలే.

గూడూరు నిమ్మకాయల వ్యాపారుల కోసం మా చిన్న ఆఫీసు ఒక యాప్ తయారు చేసింది. ఆ రోజు మధ్యాహ్నమే వాళ్లు చూడటానికి వస్తున్నారు. నచ్చకపోతే పని మద్రాసు వాళ్లకు పోతుంది. యాప్‌ను కంటైనర్ ఇమేజ్‌గా కట్టాలి. అంటే ప్రోగ్రామునూ దాని సరంజామానూ ఒకే మూటగా కట్టడం, ఏ కంప్యూటరులో విప్పినా ఒకేలా నడిచేటట్టు. అందులోకి ధరలు, రైతులు, లారీలు అని మూడు ఫోల్డర్లు కాపీ కావాలి.

మూట ఎలా కట్టాలో చెప్పే ఫైల్లో నేను మూడింటికీ మూడు కాపీ వరసలు రాసి ఉంటే, పక్క సీటు అతను వాటిని ఒకటిగా కలిపాడు. ఒక్కో వరసకు మూటలో ఒక్కో పొర పడుతుంది, పొరలు తగ్గితే మంచిదని అతని నమ్మకం. తీరా యాప్ తెరిస్తే ఎదురుగా లారీలు. ధరలు నొక్కితే అసలు పేజీయే లేదంది.

“ఏంది నాయనా ఇది? నిమ్మకాయ ధర అడిగితే లారీ చూపిస్తా ఉంది!”

“సర్వరు తినేసినట్టుందక్కా.”

“నిన్న దానికి అన్నం పెట్టలేదా నువ్వు? మూట విప్పు, చూద్దాం.”

లోపల ఫోల్డర్లు లేవు. వాటిలోని ఫైళ్లు మాత్రం ఒకే చోట కుప్పగా పడి ఉన్నాయి. మూడింటిలోనూ ఇండెక్స్ అనే ఫైలు, అంటే తెరవగానే ముందు కనిపించే పేజీ, ఉండేది. ఒకే పేరు కావడంతో ఒకదాని మీద ఒకటి పడి, చివరి లారీలదే మిగిలింది.

“ఫోల్డరు కాపీ చెయ్యమంటే ఫోల్డరే రావాల గదక్కా?”

“మార్కెట్లో కాయలు రాశి పోసేటప్పుడు సంచి కూడా పోస్తారా?”

నోటికొచ్చి అనేశాను గానీ, ఆ మాటే నన్ను పట్టుకుంది. పోయేది పై సంచే గదా, మరి సంచిలో సంచులుంటే? మూడు ఫోల్డర్లనూ ఒక పెద్ద ఫోల్డరులో పెట్టి, ఆ ఒక్కదాన్నే కాపీ చేయించాను. పెద్దది బయటే ఉండిపోయింది. లోపలి మూడూ పేర్లతో సహా దిగాయి.

“చూసినావా అక్కా, నేను చెప్పిన ఒక్క వరసే నిలబడింది!”

“వరస నీదే, సంచి నాది. మూసుకో.”

వ్యాపారులొచ్చి ధరలు నొక్కితే ధరలే వచ్చాయి. పని మా దగ్గరే ఉంది. నా సందేహమూ నా దగ్గరే ఉంది. మామూలుగా ఒక ఫోల్డరును ఇంకోచోటికి కాపీ చేస్తే పేరుతో సహా పోతుంది. ఇక్కడ మాత్రం లోపలివి తెచ్చి, పేరును గడప బయటే వదిలెయ్యాలని మొదట ఎవరికి తోచింది, ఎందుకు తోచింది?