బాబాయికి నిద్ర పట్టే ఇల్లు

మా బాబాయి ఇల్లు చూసే పద్ధతికి ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. గోడలు తట్టి చూడడు, కుళాయి తిప్పడు, కాగితాలు అడగడు. భుజం మీది తువ్వాలు తీసి, ఉన్నవాటిలో చీకటిగా ఉండే గది చూసుకుని, నేల మీద పరుచుకుని వెల్లకిలా పడుకుంటాడు.

"కాసేపు ఎవరూ మాట్లాడకండి," అంటాడు.

ఇల్లు అమ్మేవాళ్ళు, బ్రోకరు, పిన్ని, నేను గుమ్మం దగ్గర ఊపిరి బిగబట్టుకుని నిలబడాలి. బ్రోకరు సెల్‌ఫోను గొంతు నొక్కి జేబులో దోపుకుంటాడు. కాసేపటికి బాబాయి లేచి కూర్చుని తువ్వాలు దులుపుకుంటాడు.

"లాభం లేదు. ఇక్కడ నిద్ర పట్టదు."

అంతే, ఆ ఇంటి కథ ముగిసినట్టే. ఆ ఇంటివాళ్ళు మమ్మల్ని ఎగాదిగా చూస్తుంటే పిన్ని తల దించుకుని ముందు నడిచేది.

బాబాయి నూలు మిల్లులో ఫిట్టరు. షిఫ్టు వారం వారం మారుతుంది. రాత్రి షిఫ్టు వారమంతా పగలు నిద్రపోవాలి. మిల్లు క్వార్టర్స్‌లో చాలామందిది ఇదే బతుకు కాబట్టి అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. తలుపు గొళ్ళేనికి తడి తువ్వాలు కట్టి ఉంటే లోపల రాత్రి షిఫ్టు మనిషి పడుకున్నాడని అర్థం. ఆ తలుపు ఎవరూ కొట్టరు. పాలవాడు కూడా ప్యాకెట్టు చప్పుడు కాకుండా పెట్టి పోతాడు.

అందరిళ్ళలోనూ తువ్వాలు వారం పాటే ఉంటే, మా పిన్ని ఇంట్లో ఎప్పుడూ ఉన్నట్టే లెక్క. పెళ్ళైన కొత్తలో ఆవిడ చేతిలోంచి పళ్ళెం జారిందట, బాబాయి ఉలిక్కిపడి లేచాడట. "రాత్రంతా రెక్కలు ముక్కలు చేసుకుని వచ్చిన మనిషి, కాస్త కునుకు తీయనివ్వవా?" అని అత్తగారు కళ్ళెర్రజేసింది. ఆ తర్వాత బాబాయి కూడా "నాది కోడికునుకు" అని ఊరంతా చెప్పుకున్నాడు. అత్తగారు పోయి చాలా కాలమైంది, ఆ భయం మాత్రం పోలేదు. పిన్ని కుక్కర్ని కూత వెయ్యనివ్వదు. వెయిటును గరిటెతో కాస్త ఎత్తిపట్టి ఆవిరిని మెల్లగా వదులుతుంది. స్టీలు గిన్నెల మధ్య పాతగుడ్డ ముక్కలు పెడుతుంది. వంటింటి కుళాయికి గుడ్డ చుట్టి ఉంటుంది. కిటికీలకి నల్ల దుప్పట్లు.

కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం దొరికి నేను వాళ్ళింట్లో చేరాను. మాట్లాడాల్సిన అవసరం లేని ఇల్లు నాకు హాయిగానే ఉండేది. పిన్నికి కాదు. ఆవిడ పుట్టుకతో పెద్ద గొంతు మనిషి. బంధువుల పెళ్ళిళ్ళలో ఆవిడ నవ్వితే వీధి చివర వినబడేది. ఇంటికి రాగానే ఆ గొంతు గూట్లో పెట్టి తాళం వేసినట్టు అయిపోయేది.

ఇంతలో మిల్లువాళ్ళు క్వార్టర్స్ పడగొట్టి గోడౌన్లు కడతామని, వానలు మొదలయ్యేలోగా ఖాళీ చెయ్యమని చెప్పారు. మిగతా ఇళ్ళవాళ్ళు నిట్టూర్చారు. పిన్ని మాత్రం ఆ రోజంతా ముసిముసిగా నవ్వుకుంటూ తిరిగింది.

"నాకు రోడ్డు వైపు కిటికీ ఉన్న వంటిల్లు కావాలే," అంది నా చెవిలో. "వచ్చేపోయేవాళ్ళు కనబడాలి. నేను పిలిస్తే పలకాలి. ఇంకేమీ వద్దు."

కోరిక అదొక్కటే. దానికి అడ్డు బాబాయి తువ్వాలు.

ఒక ఇంటి పక్కన కుక్క. ఒక ఇంటి వెనక బడి. ఒక ఇంటి పైవాటాలో నడిచే మనిషి. సరే, మనుషులే లేని చోటుకి పోదామని బ్రోకరు మమ్మల్ని ఊరి చివర కొత్త ప్లాట్లకి తీసుకెళ్ళాడు. చుట్టూ ముళ్ళకంప, ఖాళీ జాగా తప్ప ఏమీ లేదు. బాబాయి అక్కడా పడుకున్నాడు, అక్కడా లేచాడు.

"మీ చేతి గడియారం వినబడుతోందయ్యా," అన్నాడు బ్రోకరుతో.

"సార్, నేను గేటు బయట ఉన్నాను!"

"అదే చెప్తున్నా. గేటు బయట ఉన్నా వినబడుతోంది."

పిన్ని నెత్తి కొట్టుకుంది. "ఇక చీమలకి చెప్పులిప్పేసి నడవమని చెప్పాలి!"

ఆవిడకి నచ్చిన ఇల్లు ఒకటి దొరికింది. బస్సులు పోయే రోడ్డు మీద, లేత్ మిషన్ షాపు పక్కన. వంటింటికి రెండు కిటికీలు, రెండూ రోడ్డు వైపే. ఆ రోజు ఇంటివాళ్ళు లేరు, బ్రోకరే తాళం తీశాడు. పిన్ని కిటికీ చువ్వలు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. బాబాయి గేటు కూడా దాటలేదు. లేత్ మీద ఇనుము గీరుకుంటున్న కీచుధ్వని విని, తువ్వాలు భుజం మీంచి తియ్యకుండానే వెనక్కి తిరిగాడు.

చివరికి బియ్యం గోడౌను వెనక ఒక ఇల్లు ఆయనకి నచ్చింది. ఉన్న ఒక్క కిటికీ తెరిస్తే గోడౌను గోడ. పట్టపగలు లైటు వెయ్యందే స్విచ్చి ఎక్కడుందో తెలియదు. అక్కడా నిద్ర పట్టలేదుగానీ, "ఇదే నయం, అలవాటవుతుంది" అన్నాడు. మిల్లుకి సెలవు ఉన్న రోజున బయానా ఇస్తామని మాట ఇచ్చేశాడు.

పిన్నిని చూసి నాకు భయం వేసింది. గుసగుసగానైనా సణిగే మనిషి, రెండు రోజులు అసలు నోరు విప్పలేదు. మూడో రోజు చెప్పులేసుకుని, "ఆ కిటికీలు ఇంకోసారి చూసొద్దాం, రా," అంది.

ఈసారి ఇంటావిడ ఉంది. అదే మిల్లులో దారం చుట్టే వైండింగ్ సెక్షన్‌లో పనిచేసి రిటైరైన మనిషి. మిషన్ల మధ్య బతికినవాళ్ళందరిలాగే అరిచినట్టు మాట్లాడుతుంది. ఇల్లు ఎందుకు వద్దంటున్నారని అడిగింది. మిల్లు ఫిట్టరైన తన భర్తకి ఈ గోలలో నిద్ర పట్టదని పిన్ని చెప్పింది.

"ఎవరూ, మన ఫిట్టరా?" ఇంటావిడ నోరు తెరిచింది. "ఆయనకి నిద్ర పట్టదా? ఎవరమ్మా నీకు చెప్పింది?"

"ఆయనే."

"అయ్యో అమ్మాయ్! భోజనాల బెల్లు కొడితే చాలు, దూది దులిపే మిషన్ల పక్కన మూటలెక్కి గుర్రు పెడతాడు. ఆ మిషన్ల మోతకి మనకి గుండెలు అదురుతాయి. తట్టినా లేవడు, నీళ్ళు చల్లినా లేవడు. లేపాలంటే మేం మిషనే ఆపేవాళ్ళం. మోత ఆగిందంటే దిగ్గున లేచి, పానా ఎక్కడా అని తడుముకునేవాడు!"

పిన్ని మొహంలో రంగులు మారడం చూశాను. ముందు నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. ఆ తర్వాత వచ్చిన కోపం మాత్రం ఇంటిదాకా చల్లారలేదు.

"అంటే ఇన్నేళ్ళూ నేను కుక్కర్ని బుజ్జగించింది దేనికే?" అని దారిలో పదిసార్లు అడిగింది.

సెలవు రోజు వచ్చింది. గోడౌను ఇంటికి బయల్దేరిన బాబాయిని పిన్ని రోడ్డు మీది ఇంటి ముందు ఆటో ఆపి దింపింది. వెనకే బైకు మీద వస్తున్న బ్రోకరు అయోమయంగా ఆగాడు.

"పడుకోండి," అంది ముందుగది చూపించి.

"ఈ గోలలోనా? నీకేమైనా పిచ్చా?"

"ఇన్ని ఇళ్ళలో పడుకున్నారు, అందరి ముందూ నా పరువు తీశారు. ఇదొక్క ఇల్లు నా కోసం పడుకోండి."

సణుక్కుంటూ తువ్వాలు పరిచాడు. కళ్ళు మూసుకుని, "మరి నువ్వు మాట్లాడకుండా ఉండు," అన్నాడు.

"ఉండను," అంది పిన్ని.

మొదలుపెట్టింది. పళ్ళెం జారిన రోజు దగ్గర్నుంచి. అత్తగారి మాట, కుళాయికి చుట్టిన గుడ్డ, సొంత అక్క చూడ్డానికొస్తే గుమ్మంలోనే నిలబెట్టి సైగలతో పలకరించి పంపిన రోజు. గొంతు మొదట బొంగురుగా పలికింది, తర్వాత వాడుకలో పడ్డ మోటారులా అందుకుంది. అవతల లేత్ కీచుమంటోంది. బస్సు పోతుంటే కిటికీ చువ్వలు గలగలలాడాయి. ఇంటావిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను బాబాయి మొహమే చూస్తున్నాను. కనుబొమల మధ్య ముడి మెల్లగా విడింది, నోరు కాస్త తెరుచుకుంది. గుర్రు వినబడింది.

పిన్ని మాట్లాడుతూ మాట్లాడుతూ నీళ్ళ కోసం ఆగింది. అదే సమయానికి పక్క షాపువాడు టీ కోసం కాబోలు లేత్ ఆపాడు.

బాబాయి దిగ్గున లేచి కూర్చున్నాడు. "ఏమైంది? ఎందుకు ఆగింది?" చెయ్యి నేల మీద పానా కోసం వెతుకుతోంది.

"ఏమీ కాలేదు, పడుకోండి. నేనింకా మన పెళ్ళైన మూడో ఏడులోనే ఉన్నాను."

ఆయన మళ్ళీ వాలిపోయాడు. పిన్ని మూడో ఏడు అందుకుంది.

బ్రోకరు మునివేళ్ళ మీద లోపలికి వచ్చి, గొంతు బాగా తగ్గించి, "అమ్మా, మరి గోడౌను ఇంటివాళ్ళకి ఏం చెప్పమంటారు?" అన్నాడు.

పిన్ని విసుక్కుంది. "గుసగుసలాడకయ్యా, ఆయన లేస్తారు! గట్టిగా అడుగు."