హరికృష్ణన్ మణికట్టు

పొన్నయ్య హాకీ ఆడే రోజుల్లో, తమిళనాట కోవిల్‌పట్టికి ఆటకొచ్చిన జట్టు ఏదైనా సరే, మొదట అడిగే మాట ఒకటే: "వెనక పొన్నయ్య ఉన్నాడా?" ఉన్నాడని తెలిస్తే మోకాళ్ల కింద గుడ్డ ఇంకో చుట్టు చుట్టుకునేవాళ్లు. బంతి కోసం లేచిన అతని కర్ర, బంతి దొరక్కపోతే కాలికి తగిలేది. దొరికినా తగిలేది. ఒక పోటీలో గెలిచినందుకు ఆటగాళ్లందరికీ తలా ఒక డిజిటల్ వాచీ ఇచ్చారు. అప్పట్లో అదొక వింత. ముల్లు లేదు, టిక్కుటిక్కు లేదు, అంకెలు వాటంతటవే మారిపోతుంటాయి. ఆ సాయంత్రమే ఓడినవాళ్లతో పేచీ వచ్చింది. వాచీ పెట్టుకున్న చేత్తోనే పొన్నయ్య ఒకడి మూతి మీద గుద్దాడు. అవతలివాడి ముందు పళ్లు రాలాయి. ఇవతల వాచీ అద్దం పగిలి, అంకెలు సిరా ఒలికినట్టు నల్లగా కారిపోయాయి. పళ్లు పోయినవాడి గురించి పొన్నయ్య ఏనాడూ తలుచుకోలేదు. వాచీ గురించి మాత్రం ఏళ్ల తరబడి బాధపడ్డాడు.

ఆట పోయింది, కోపం పోలేదు. పల్లీపట్టీలు చేసే చోట బెల్లం పాకం కాచే పనిలో కుదిరాడు. అక్కడా ఎవరితోనో ఒకరితో చెయ్యి చేసుకోనిదే నెల గడిచేది కాదు. ఇంట్లోనూ అంతే. పెళ్లయిన కొత్తలో కూరలో ఉప్పు ఎక్కువైందని భార్య కాళియమ్మాళ్ చెంప మీద కొట్టాడు. ఆనాటి నుంచి ఆమెకు ఎడమ చెవి వినపడదు. ఎవరైనా పిలిస్తే ముఖం పక్కకు తిప్పి, కుడి చెవి ముందుకు పెట్టి వింటుంది. ఊళ్లోవాళ్లు అది ఆమె అలవాటనుకుంటారు.

యాభై దాటాక చేతికి స్మార్ట్‌ఫోన్ వచ్చింది. పాత డిజిటల్ వాచీలను కూడా ఫోన్‌లో అమ్ముతారని తెలిసి పొన్నయ్యకు పట్టరాని సంబరం కలిగింది. ఒక్కొక్కటే తెప్పించడం మొదలుపెట్టాడు. ఒకదాని అద్దంలో నల్లటి మరక. ఇంకొకదానిలో అంకెలను కూర్చే గీతలు సగం కనపడవు, ఎనిమిది కాస్తా ఆరైపోతుంది. మరొకటి ఎండలో పెడితే మొత్తం నల్లబడిపోతుంది. కోపం ఆపుకోలేక ఒకదాన్ని పల్లీపట్టీ పరిచే ఇనప రోలరు కింద పెట్టి పిండి చేశాడు.

"పాతవి పాతగానే ఉంటాయి గదా, ఎందుకీ వేదన?" అంది కాళియమ్మాళ్, తలుపు దగ్గరే నిలబడి. చేతికందేంత దగ్గరికి ఆమె ఎప్పుడూ వచ్చేది కాదు.

అలా వెతుకుతూండగా ఒకరోజు ఆ వాచీయే కనపడింది. పోటీలో ఇచ్చిన రకమే. అదే చట్రం, అదే నీలం గీత. ఫొటోలో అంకెలన్నీ చెక్కినట్టున్నాయి. అద్దం మూల సన్నటి గీటు ఉంది. అమ్మేది విరుదునగర్‌లో హరికృష్ణన్ అనేవాడు. పొన్నయ్య ఆలోచించకుండా కొనేశాడు. వాచీ వచ్చింది. విప్పి చూస్తే గంటల వైపు అంకెల్లో గీతలే లేవు. ఫొటోలో ఉన్న గీటు ఈ అద్దం మీద లేదు. అంటే ఫొటో ఒక వాచీది, పంపింది వేరొకటి. ఇదేమిటని మెసేజ్ పెడితే, పాత సరుకు ఇలాగే ఉంటుందని జవాబొచ్చింది. మళ్లీ పెట్టాడు. ఈసారి మెసేజ్ పోనే లేదు. అవతలివాడు అతన్ని బ్లాక్ చేశాడు.

పొన్నయ్య అటక మీది హాకీ కర్ర దించి, గోనెసంచిలో చుట్టి, విరుదునగర్ బస్సెక్కాడు. దారిలో సాత్తూరు దాటేదాకా ఒడిలోని కర్రను నిమురుతూనే కూర్చున్నాడు.

హరికృష్ణన్ ముప్పై ఏళ్లవాడు. విరుదునగర్‌లో చిన్న ఫోన్ రిపేరు కొట్టు అతనిది, ఇల్లు వెనకే. వాచీ బల్ల మీద పెట్టి పొన్నయ్య ఇదేమిటని తమిళంలో అడిగాడు. హరికృష్ణన్ దాన్ని తిప్పి చూసి నవ్వాడు. "ఏంటన్నా, ఈ వయసులో వాచీ కోసం బస్సెక్కి వచ్చారా?"

ఆ నవ్వు ఇంకా పూర్తికాలేదు. కర్ర గాజుబల్లను బద్దలుకొట్టింది. రెండో దెబ్బ తల మీదికి వస్తుంటే హరికృష్ణన్ కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. చెరుకుగడ విరిచిన చప్పుడైంది. మణికట్టు దగ్గర చెయ్యి ఉండకూడని వైపుకు వేలాడింది. అతను అరవడం కూడా మరిచి దాన్నే చూస్తూ కూలబడ్డాడు. పొన్నయ్య మళ్లీ కర్ర ఎత్తాడు. ఆగాలన్న ఆలోచన ఆ క్షణాన అతనికి రానేలేదు. పక్కనున్న పరోటా కొట్టువాళ్లు వెనకనుంచి వచ్చి పట్టుకోకపోతే తలే పగిలేది.

తర్వాత వంతు పొన్నయ్యది. కరెంటు స్తంభానికి కట్టేశారు. చెప్పులతో కొట్టారు, గరిటెతో కొట్టారు. ఎవరో మోకాలితో డొక్కలో పొడిచారు. ఒక కన్ను మూసుకుపోయింది. నోట్లోంచి రక్తం చొక్కా మీదికి కారింది. దారిన పోయేవాళ్లు కూడా బండి ఆపి, కారణం అడగకుండానే తలో దెబ్బ వేసి పోయారు. అంతదాకా పళ్లు బిగించి ఓర్చుకున్న మనిషి, పక్కటెముక విరగగానే అరిచాడు. ఆ అరుపు తమిళంలో రాలేదు, ఇంట్లో మాట్లాడే తెలుగులో వచ్చింది.

"సచ్చిపోతా ఉండానమ్మా!"

ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చిన హరికృష్ణన్ తల్లి రంగమ్మాళ్ ఆ మాట విని ఆగింది. ఆ వీధిలో తన ఇంట్లో తప్ప ఆ భాష ఎవరి నోటా వినలేదామె. గుంపును తోసుకుంటూ వచ్చి స్తంభం ముందు నిలబడింది.

"ఏ ఊరురా నీది?"

"కోవిల్‌పట్టి."

"మనోడివేనా? మనోడివయ్యుండి నా కొడుకు సెయ్యి ఇరగ్గొడతావా?"

అంటూనే చాచి లెంపకాయ కొట్టింది. ఆ తర్వాత కట్లు తనే విప్పింది.

ఇద్దరినీ ఆసుపత్రికి, అక్కడినుంచి స్టేషనుకు తీసుకుపోయారు. కేసు పెట్టాల్సిందేనని హరికృష్ణన్ పట్టుబట్టాడు. వేరే వాచీ ఫొటో చూపి అమ్మిన సంగతీ కాగితం మీదికి ఎక్కుతుందని ఇన్స్‌పెక్టరు చెప్పేసరికి కొంచెం తగ్గాడు. అప్పుడు మాట్లాడింది రంగమ్మాళే.

"ఈన్ని జైల్లో పెడితే మా కొట్టు నడుస్తాదా? సెయ్యి ఇరిసినోడే సెయ్యి కావాల. నా కొడుక్కు నయమయ్యేదాకా నువ్వొచ్చి ఆడ కూసో. వాడేం సెప్తే అది సెయ్యి."

పొన్నయ్య ఒప్పుకున్నాడు. ఒప్పుకోక ఏం చేస్తాడు, జైలు భయం ఎవరికి ఉండదు?

పక్కటెముక కాస్త అతుక్కోగానే, పొద్దున పాకం పని ముగించుకుని మధ్యాహ్నం బస్సుకు పోవడం మొదలుపెట్టాడు. హరికృష్ణన్ కట్టుతో పక్కన కూర్చుని చెప్పేవాడు, ఇతను చేసేవాడు. ఫోన్ల జోలికి పోనివ్వలేదు. పాత వాచీలే ఇచ్చాడు. అద్దానికీ లోపలి పలకకూ మధ్య చారలచారల రబ్బరు ముక్క ఒకటుంటుంది. అంకెలకు కరెంటు దాని గుండానే పోతుంది. దానికి మురికి పడితే గీతలు మాయమవుతాయి. స్పిరిట్‌తో తుడిచి సరిగ్గా కూర్చోబెడితే తిరిగొస్తాయి. మొత్తం నల్లబడితే పైనున్న పల్చటి పొర మార్చాలి. మరక పడిందంటే మాత్రం దానికి మందు లేదు. ఇదంతా చెప్పడానికి సులువే. పాకం గరిటె తిప్పిన వేళ్లకు ఆ రబ్బరు ముక్క చీమలా జారిపోయేది.

జారినప్పుడల్లా హరికృష్ణన్ ఎడమచేత్తో కొట్టేవాడు. మొదట వీపు మీద, తర్వాత మెడ మీద, ఆ తర్వాత ముఖం మీద. "ఎద్దా! కళ్లు లేవా?" అనేవాడు. పొన్నయ్య జన్మలో దెబ్బ తిని బదులివ్వకుండా ఉన్నది లేదు. ఎడమచేత్తో స్టూలు అంచు పట్టుకుని, గోళ్లు తెల్లబడేదాకా నొక్కి కూర్చునేవాడు.

ఒకరోజు చెంప వాచి ఇంటికొచ్చాడు. ఆ రోజు కాళియమ్మాళ్ దగ్గరికి వచ్చింది. చాలా ఏళ్లలో అంత దగ్గరికి రావడం అదే మొదలు. వేలితో వాపును తాకింది.

"నొస్తాదా?"

"నొస్తాది."

"సెవిలో గుయ్యిమంటాదా?"

"అంటా ఉండాది."

"నాకూ అట్టే ఉండె" అని, అన్నం వడ్డించడానికి లోపలికి పోయింది. కంచం తెచ్చి పెట్టింది. పొన్నయ్య క్షమించమని అడగాలని నోరు తెరిచాడు. అప్పటికే ఆమె వినపడని చెవి ఇటువైపు పెట్టి కూర్చుని ఉంది.

హరికృష్ణన్ కట్టు విప్పారు. ఎముక అతుక్కుంది గాని వేళ్లు కర్రల్లా బిగుసుకుపోయాయి. ఎంత నొచ్చినా రోజూ వంచాలని, లేకపోతే అలాగే ఉండిపోతాయని డాక్టరు చెప్పాడు. తల్లి పట్టుకుంటే గోల పెట్టి లాక్కునేవాడు. ఒక మధ్యాహ్నం తనే వాచీల సన్నమొన పట్టుకారు ఎత్తబోయాడు. అది చేతిలోంచి జారి కింద పడింది. ఇంకోసారి, మరోసారి. నాలుగోసారి ఎడమచేత్తో దాన్నందుకుని పొన్నయ్య ముఖం మీద పొడిచాడు. మొన కంటి కింద దిగింది.

పొన్నయ్య లేచాడు. స్టూలు వెనక్కి పడింది. హరికృష్ణన్‌ను గోడకు అదిమి, విరిగి అతికిన ఆ మణికట్టును గుప్పిట పట్టాడు. చర్మం పొలుసులుగా రాలుతోంది. బొటనవేలి కింద ఎముక బొడిపెలా తగులుతోంది.

"కొట్టు! మళ్లా ఇరగ్గొట్టు!" అని హరికృష్ణన్ అతని ముఖం మీదే అరిచాడు.

ఇరగ్గొట్టాలనే అనిపించిందని పొన్నయ్య తర్వాత కాళియమ్మాళ్‌తో చెప్పాడు. కంటి కింది రక్తం పెదాల మీదికి వచ్చేదాకా అలాగే నిలబడ్డాడు. ఆపైన రెండో చేత్తో అతని చూపుడు వేలు పట్టుకుని వంచాడు. హరికృష్ణన్ పెట్టిన కేక వీధి చివరిదాకా వినపడింది. తర్వాత నడిమి వేలు. హరికృష్ణన్ తన్నాడు, పొన్నయ్య భుజం మీద పళ్లు దిగేలా కొరికాడు. పొన్నయ్య వదల్లేదు. మళ్లీ గొడవైందని జనం పరుగెత్తుకొచ్చారు. రంగమ్మాళ్ గుమ్మానికి అడ్డంగా చేతులు చాచి నిలబడింది. కళ్ల నీళ్లు కారుతున్నా కొడుకు వైపు తిరగకుండానే అంది: "ఇడవొద్దు. అన్ని వేళ్లూ వంచు."

ఆనాటినుంచి రోజూ ఇదే యుద్ధం. తిట్లు, తన్నులు, కొరుకుళ్లు, కేకలు. వేళ్లు ఒక్కొక్కటే లొంగాయి. చిటికెన వేలు మాత్రం ఇప్పటికీ సగమే ముడుచుకుంటుంది.

ఒకనాడు హరికృష్ణన్ రబ్బరు ముక్కను తన కుడిచేత్తోనే ఎత్తి, వాచీలో పెట్టి, మూత బిగించాడు. తల ఎత్తకుండానే అన్నాడు: "రేపటి నించి రావొద్దు."

పొన్నయ్య లేచి చెప్పులు వేసుకోబోయాడు. ఇన్నాళ్లూ మంచినీళ్లు తాగుతావా అని కూడా అడగని రంగమ్మాళ్, వెనక వాకిట్లో అరిటాకు వేసి భోజనానికి పిలిచింది. కూర్చుని తిన్నాడు. అతను చేయి కడుక్కుని పోయేదాకా హరికృష్ణన్ వీధి వైపు తిరిగే కూర్చున్నాడు.