తోకలు మిగిలిన పాట

మా డ్రైవరన్న ఇక లేడు. పోయిన నెల ఒక పొద్దున, కువైట్ జాబ్రియాలో నేను వంట చేసే ఇంట్లో, మామా, అంటే మా యజమానురాలు, తనంతట తనే వంటింట్లోకి వచ్చింది. ఆ వేళకు ఆమె లేవదు. లేచినా గదిలోంచి పిలుస్తుందే తప్ప ఇటు రాదు. పొయ్యి పక్కన నిలబడి, "సాయిక్ ఖలాస్" అంది. సాయిక్ అంటే ఇక్కడ డ్రైవరు, ఖలాస్ అంటే అయిపోయింది. అన్న పని మానేశాడేమో అనుకుని తల ఎత్తి చూశాను. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి.

బయట గేటు పక్కన ఉన్న తన గదిలో, నిద్రలోనే గుండె ఆగిపోయిందట. అన్నకని పోసి ఉంచిన టీ సాయంత్రం దాకా గట్టు మీదే ఉండిపోయింది. పారబోయడానికి నాకు చేతులు రాలేదు.

మీలో ఎవరూ ఆయన్ని ఎరగరు. పత్రికలో పడేంత పని ఆయనేమీ చేయలేదు. మామా పిల్లల్ని బడికి దింపాడు, నన్ను జమియాకు, అదే సూపర్‌మార్కెట్‌కు, తీసుకెళ్లి సరుకులు మోశాడు, ఖాళీ ఉంటే కారు కడిగాడు. ఈ ఊళ్లో అలాంటివాళ్లు వీధికి ఒకరుంటారు. కానీ శుక్రవారం మధ్యాహ్నం అయితే ఆయన మా గురువు. అబూ హలీఫాలో ఏసీలు బాగుచేసే డోలక్ భాయ్ గదిలో, నాలాంటి పాట రాని వాళ్లందరినీ కూర్చోబెట్టి చెక్క భజన నేర్పేవాడు.

ఆ గదికి ఎవరైనా రావచ్చు. కడప వాళ్లం, రాయచోటి వాళ్లం ఎక్కువ. గోదావరి నుంచి వచ్చిన ఆయా ఒకామె, తెలంగాణ మేస్త్రీ ఒకాయన. ఎవరి ఊరి పాట వాళ్లది, పక్కవాడికి ముక్క తెలియదు. భజనకు దేవుడి పాటే కావాలన్న పట్టింపు కూడా అన్నకు లేదు. పొలం పాటా వచ్చేది, పెళ్లి పాటా వచ్చేది. గోడ పక్కింటి వాళ్లు గొడవ చేస్తారని చెక్కల గజ్జెల మధ్య పాత గుత్రా గుడ్డ ముక్కలు దూర్చాడు. తల మీద కట్టుకునే ఆ తెల్ల గుడ్డను మా ఇంటి బాబా, అదే యజమాని, పారేస్తే, ఉతికి దాచుకున్నాడట. దాంతో మా చెక్కలు జలుబు చేసినట్టు మోగేవి. నేను నవ్వితే, "మోగేది మోగుతాది లేమ్మే, నువ్వు తాళం చూసుకో" అనేవాడు.

పాట నేర్పడంలో ఆయనది ఒకే పద్ధతి. మొదటి రోజే చెప్పాడు.

"పాటను తల కాడ పట్టుకోబాక, జారిపోతాది. తోక కాడ పట్టుకో."

అంటే, చరణం ఆయన ఎత్తుకుంటాడు. మనం నోరు మూసుకుని చెక్కలు కొడుతూ కాచుకోవాలి. చరణం చివర రెండు మాటలు రాగానే అందుకుని గొంతు కలపాలి. తోక గట్టిపడ్డాక, ఇంకో వారం సగం చరణం. ఆ తర్వాత ఎప్పటికో తల. అందుకే ఏమీ రానివాడు కూడా వచ్చిన రోజే పాడేవాడు. పనిలో తిట్లు తిని మొహం వేలాడేసుకుని వచ్చినవాడు రెండు మాటలైనా గట్టిగా పాడి వెళ్లేవాడు. "మాట తప్పితే తప్పనీ, చెయ్యి మాత్రం ఆపొద్దు" అనేవాడు అన్న. ఆయన గొంతు మాత్రం, చనిపోయినవాడి మీద అబద్ధం ఎందుకు చెప్పాలి, బాగుండేది కాదు. పై స్థాయికి వెళ్తే పగిలిపోయేది. అయినా ఆపేవాడు కాదు.

వారంలో మిగతా రోజుల పాఠం కారులో. బండి కదులుతుంటే ఒక్క మాట మాట్లాడడు, నేను పలకరించినా పలకడు. ఎర్ర లైటు పడిందా, స్టీరింగు మీద వేళ్లతో తాళం వేసి చరణం ఎత్తుకుంటాడు. నేను వెనక సీట్లో సంచుల మధ్య కూర్చుని తోక అందుకోవాలి. పచ్చ లైటు పడితే మాట మధ్యలోనైనా ఆపేస్తాడు. "మిగిలింది ముందు సిగ్నల్ కాడ" అంటాడు. ఊరంతా సిగ్నళ్లు త్వరగా మారాలని మొక్కుకుంటే, నేను ఎర్ర లైటు కోసం చూసేదాన్ని.

ఒక్క విషయంలోనే ఆయనతో నాకు గొడవ. ఫోనులో రికార్డు చేసుకోనిచ్చేవాడు కాదు.

"అట్ల పెట్టుకుంటే పాట ఫోనుకొస్తాది, నీకు రాదు."

"రేపు మరిచిపోతే ఎట్లన్నా?"

"మరిచిపోతే నన్నడుగు మ్మే. నేన్యాడికి పోతా?"

ఈ మాట అన్నప్పుడు అద్దంలోంచి నన్ను చూసి నవ్వాడు.

పోయే ముందు శుక్రవారం అన్న ఒక కొత్త పాట తెచ్చాడు. వాళ్లమ్మ శనక్కాయల చేలో కలుపు తీస్తూ పాడేదట. ఇన్నేళ్లూ ఎందుకు తేలేదని అడిగితే, "ఇప్పుడిప్పుడే గుర్తొస్తాండాది, నోట్లో తిప్పుకుంటాండా" అన్నాడు. ఆ రోజంతా అదే పాడించాడు. మొదటి చరణం చిన్నది, అందరికీ వచ్చేసింది.

"మబ్బు వచ్చి మా సేని మీద నిలవక పాయెనమ్మా."

మిగిలిన రెండు చరణాలు పొడుగువి. పాత మాటలు, అన్న గొంతులో ఇంకా నలిగిపోయేవి. మాకు తోకలు చెప్పాడు. ఒకటి "పిలవక పాయెనమ్మా," ఇంకొకటి "తడపక పాయెనమ్మా." తలలు తర్వాత చూసుకుందామన్నాడు.

కాగితాలన్నీ అన్నకు వీసా ఇచ్చిన కఫీలే చూసుకున్నాడు. అన్నను ఉంచిన పెట్టె విమానమెక్కి ఊరికి వెళ్లిపోయింది. తర్వాతి శుక్రవారం అందరం భాయ్ గదిలో చేరాం. అన్న కోసం వాళ్లమ్మ పాటే పాడదామని ఎవరన్నారో గానీ, అందరం ఊఁ అన్నాం. మొదటి చరణం అయింది. రెండోది ఎత్తుకోవాల్సిన చోట అందరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

మేమంతా విన్నాం. ఆ రోజు ఆయన ఎన్నోసార్లు పాడాడు. కానీ మా చెవులు తోక కోసం కాచుకుని ఉన్నాయి, తలను ఎవరూ పట్టుకోలేదు. ఆయన నేర్పినట్టే నేర్చుకున్నాం మరి.

"'కొండ దాటి' అన్నడు భాయ్, నేను మంచిగ విన్న" అన్నాడు మేస్త్రీ.

"కాదండీ, 'కుంట నిండి' అనే అన్నారండీ" అంది గోదావరి ఆమె.

కాసేపు వాదించుకున్నారు. మనమే నాలుగు మాటలు అల్లి పెడదామన్నారు ఇంకెవరో. డోలక్ భాయ్ ఒప్పుకోలేదు. "మన మాటలు పెడితే అది మన పాటయితాది. ఆయప్ప అమ్మ పాట కాదు" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. మనిషి పోయాడన్న దుఃఖం ఒకటైతే, ఒక్కసారి ఆయన మాట కాదని ఫోను నొక్కి ఉంటే అన్న కోపం ఇంకొకటి. కోపం ఎవరి మీదో నాకే తెలియలేదు.

అక్కడి నుంచే ఊళ్లో ఉన్న అన్న భార్యకు, మా వదినకు, ఫోను చేశాను. అడగొచ్చో అడగకూడదో అని నసుగుతూ, పాట సంగతి అడిగాను.

"ఆ పాట నేనెప్పుడూ ఇనలేదు పాపా" అంది వదిన. "మీ అన్న ఇంటికాడ ఉన్నిందెన్నాళ్లు? వచ్చినప్పుడు సూట్‌కేసు ఇప్పేదానికీ కట్టేదానికే సరిపాయె. మీకన్నా పాడినాడు కదా." 

ఆ తర్వాత, "మీకొచ్చినంత పాడండి, నేనింటా" అంది.

ఫోను చాప మీద పెట్టాం. భాయ్ డోలక్ అందుకున్నాడు. మొదటి చరణం పాడాం. రెండో చరణం వచ్చింది. ఎవరూ ఎత్తుకోలేదు, ఎవరూ చెయ్యి ఆపలేదు. ఆయన గొంతు ఉండాల్సినంతసేపూ ఉత్త చెక్కలే మోగాయి. ఆ చివరకు వచ్చేసరికి, ఎవరూ సైగ చేయకుండానే అందరం ఒక్కసారి "పిలవక పాయెనమ్మా" అన్నాం. ఫోనులో వదిన ఏడుస్తున్న చప్పుడు వినబడింది. పెట్టేయమనలేదు ఆమె. మూడో చరణం కూడా అలాగే పాడాం.

ఇప్పుడు మా ఇంటికి కొత్త డ్రైవరు వచ్చాడు, బెంగాలీ. మంచివాడే. ఎర్ర లైటు పడితే నేను కిటికీలోంచి బయటకు చూస్తాను.

మొన్న శుక్రవారం గదికి ఒక కొత్త ఆమె వచ్చింది. పులివెందుల పక్క నుంచి, ఇళ్లలో పనికి వచ్చి ఎన్నో రోజులు కాలేదు. అన్నను ఆమె చూడలేదు, ఆయన సంగతి మేమింకా చెప్పలేదు. ఆయన చెక్కలే ఆమె చేతికిచ్చి, తోకలు అందుకోమన్నాం. రెండో చరణం దగ్గర, మేం అలవాటుగా అన్న కోసం ఆగాం. పాటే అంతేననుకుని ఆమె కూడా ఆగింది. తల వంచుకుని, గుడ్డలు దూర్చిన ఆ చెక్కలను ఆపకుండా కొడుతూ, ఆ ఖాళీ అయ్యేదాకా కాచుకుంది. తర్వాత మా అందరికంటే ముందు తోక అందుకుంది.