ఊరికి నెట్ అడిగిన సోషల్ సార్

మా సోషల్ సార్ పోయారు. మొన్న సోమవారం పొద్దున సూర్యాపేట దవాఖాన నుంచి ఆయన కూతురు ఫోన్ చేసి, "నాయిన లేడన్నా" అని ఒక్క మాట చెప్పి ఏడ్చింది. సార్ వాళ్ల ఊరికి కోదాడలో బస్సెక్కాను. మిర్యాలగూడ దాటకముందే మా పాత విద్యార్థుల గ్రూపులో, ఊళ్లలో నెట్ పనులు చూసే ఒక అధికారి సంతాపం కనబడింది. సార్ ఫొటో కింద "ఊరికి ఇంటర్నెట్ తెచ్చిన మహనీయుడు" అని రాశాడు. అది చదివాక దుఃఖం పక్కకు జరిగి రోత పుట్టింది.

సార్ మాకు నిడమనూరు దగ్గర హైస్కూల్లో పాఠాలు చెప్పారు. దేశాల రాజధానులు బట్టీ పట్టిస్తే ఆయనకు నచ్చేది కాదు. "ఆ దేశంల కూలోడు పొద్దున ఏం తింటడో చెప్పు, రాజధాని నేను చెప్త" అనేవారు. రిటైరయ్యాక కూడా అంతే. మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీ నుంచి నేను కొన్నాళ్లు టాంజానియాకు ఫిట్టర్‌గా వెళ్తే, జీతం సంగతి అడగలేదు. "మీ తాన నెట్ ఎట్లున్నదిరా? పేదోనికి అందుతదా?" అన్నారు. నా పక్కన పనిచేసే కూలీ నెట్ వేయించుకుంటే ఆ పూట కూర మానుకోవాల్సిందేనని చెప్పాను. కొరియాలో ఉన్న నా క్లాస్‌మేటేమో అక్కడ కొండ మీది పల్లెలో కూడా ఇంటింటికీ నెట్ తీగ ఉందని చెప్పింది. ఇవన్నీ సార్ పాత అట్లాసులో ఆయా దేశాల మీద పెన్సిల్‌తో రాసుకునేవారు. మన దేశంలో నెట్ చవకే కదా, దాని మీద ఏం రాశారని ఒకసారి అడిగాను.

"అగ్గువ అని రాసిన. కానీ అందనిది అగ్గువైతేంది, పిరమైతేంది?"

సార్ అడగ్గా అడగ్గా అధికారులొచ్చి వాళ్ల ఊరి పంచాయతీ ఆఫీసు గోడకు నెట్ డబ్బా బిగించి, రిబ్బన్ కత్తిరించి, సార్‌ను మధ్యలో నిలబెట్టి ఫొటో దిగి వెళ్లిపోయారు. వారం తిరగకముందే అది ఆగిపోయింది. సార్ ఫిర్యాదు చేశారు. ఊళ్లోకి ఒక్కడూ రాలేదు కానీ "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది. మళ్లీ ఫిర్యాదు, మళ్లీ అదే మెసేజ్. మూడేళ్లు.

నాట్లేసే కూలీల బిడ్డ ఒకమ్మాయి ఇంజనీరింగ్ కాలేజీలు ఎంచుకోవాల్సిన ఆఖరి రోజున సిగ్నల్ అందక ఫోన్‌లో పేజీ తెరుచుకోలేదు. సార్ ఆమెను స్కూటర్ మీద మిర్యాలగూడ నెట్ సెంటర్‌కు తీసుకెళ్లారు. కుర్చీలో కూర్చునేసరికే గడువు దాటింది. అక్కడి నుంచి నేరుగా ఆ అధికారి దగ్గరికి పోయారు. ఇప్పుడు సంతాపం రాసింది ఈయనే.

"ఫోన్ల డాటా గింత అగ్గువ దొరుకుతుంటే ఇంకేం గావాలె సార్? ఏ దేశంల ఉన్నది గిట్ల?" అన్నాడట.

సార్ ఆ అమ్మాయిని ముందుకు నిలబెట్టి, "ఆ మాట ఈమెకు చెప్పుండ్రి" అన్నారు. అతను ఆమె వంక చూడకుండా టీలో బిస్కెట్ ముంచుకున్నాడు. ఎవరినీ పల్లెత్తు మాట అనని సార్, ఆ సంగతి నాకు చెబుతూ, "వాడు మనిషేనారా" అన్నారు.

తర్వాతి విడత కౌన్సెలింగ్‌లో గడువుకు ఒకరోజు ముందే ఆమెను నెట్ సెంటర్‌కు తీసుకెళ్లారు. కోరుకున్న కోర్సు కాదు గానీ సూర్యాపేటలో సీటు వచ్చింది. నెట్ డబ్బా మాత్రం ఇవాళ్టికీ పలకలేదు.

నేను చేరేసరికి ప్రార్థన అయిపోయింది. కొరియాలోని క్లాస్‌మేట్ ఆఖరి చూపు కోసం వీడియో కాల్ చేసింది. సూర్యాపేటలో చదువుతున్న ఆ అమ్మాయే ఫోన్ పట్టుకుని శవపేటిక పక్కన నిలబడింది. బొమ్మ రాలేదు.

"ఇగ మూత వేద్దామా?" అని పాస్టర్ అడిగారు.

"జర ఆగుండ్రి అయ్యగారు, ఫోన్ల చక్రం తిరుగుతనే ఉన్నది," అంది ఆ అమ్మాయి.

ఎండలో అందరం ఆగాం. ఒక్కసారి బొమ్మ వచ్చి అక్కడే నిలిచిపోయింది. తెర మీద మా క్లాస్‌మేట్ సగం తెరిచిన నోరు, చెంప మీద కదలని కన్నీటి చుక్క. మూత వేసి, శవపేటికను భుజాలకెత్తి నడుస్తున్నా ఆ అమ్మాయి ఫోన్ దించలేదు.